మాట రాని బొమ్మల ఫాల్కే

గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగితే మన పిల్లలు నాసిక్ అని ఠక్కున చెప్పేస్తారు. నాసిక్ కాదు, అక్కడి నుంచి ఇంకో 30 కిలోమీటర్లు పోతే వచ్చే త్ర్యంబకం. ఊరి వెనుక బ్రహ్మగిరి కొండ. ఆ కొండ మీద సన్నని ధారగా మొదలైన నీళ్లే యానాం పిల్లలు రోజూ చూసే గౌతమి. ఆ త్ర్యంబకంలో 1870 ఏప్రిల్ 30న ఒక మరాఠీ పండితుల ఇంట ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే పుట్టారు. తర్వాతి కాలంలో లోకమంతా ఆయన్ను దాదాసాహెబ్ ఫాల్కే అంది.

ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. ఏటా ఆ పేరు మీద ఇచ్చే పురస్కారాన్ని బి.ఎన్.రెడ్డి, ఎల్వీ ప్రసాద్, బి.నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, కె.విశ్వనాథ్ అందుకున్నారు. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఆయనకు దక్కేది మాత్రం ఒక్క వరుస. మొదటి భారతీయ కథాచిత్రం ‘రాజా హరిశ్చంద్ర’, 1913, తీసినవారు ఫాల్కే. పరీక్షకు ఆ మాత్రం చాలు. కానీ ఆ వరుస వెనక ఒక మనిషి ఉన్నాడు. కొత్త యంత్రం ఏది వచ్చినా దాని దగ్గరికి పరిగెత్తి, దాన్ని విప్పి చూసి, చివరికి మరో కొత్త యంత్రం రాగానే పక్కకు జరగాల్సి వచ్చిన మనిషి. సెల్‌ఫోన్ చేతిలో పుట్టిన పిల్లలకు పాఠం చెబుతున్న మాకు ఆ మనిషి కథే ఎక్కువ అవసరమనిపించింది.

తండ్రి గోవింద శాస్త్రి సంస్కృత పండితుడు. కొడుకు కూడా పౌరోహిత్యమో పాండిత్యమో నేర్చుకుంటాడని ఇంట్లో అనుకున్నారు. తండ్రికి బొంబాయి విల్సన్ కాలేజీలో సంస్కృతం చెప్పే ఉద్యోగం రావడంతో కుటుంబం నగరానికి మారింది. పిల్లవాడికి వేదపాఠం కన్నా బొమ్మలు గీయడం మీదే ధ్యాస. 1885లో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అక్కడి నుంచి బరోడా కళాభవన్‌కు వెళ్లారు. తైలవర్ణ చిత్రాలు, మట్టితో నమూనాలు, భవనాల ప్లాన్లు, ఫొటోగ్రఫీ, అచ్చుకు బ్లాకులు చేయడం ఇలా ఒకదాని తర్వాత ఒకటి పట్టుబట్టి నేర్చుకున్నారు. ఒక్క విద్యలో నిలకడగా ఉండలేదని ఎవరైనా అనొచ్చు. తర్వాత సినిమా తీసినప్పుడు అందులో ప్రతి విద్యా పనికొచ్చింది.

చదువయ్యాక గుజరాత్‌లోని గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టారు. పని కుదురుకుంటుండగా ప్లేగు వచ్చి భార్యనూ బిడ్డనూ తీసుకుపోయింది. ఊరు విడిచి మళ్లీ బరోడా చేరి అక్కడ స్టూడియో తెరిస్తే ఇంకో చిక్కు. కెమెరా ఎదుట నిలబడితే ఒంట్లో సత్తువ లాగేసుకుంటుందని, ఆయుష్షు తగ్గుతుందని జనం భయపడ్డారట. ఆ పుకారుకు గిరాకీ పడిపోయిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఏ కొత్త యంత్రమైనా ఊళ్లోకి భయంతోనే అడుగుపెడుతుంది. కొన్నాళ్లకు అదే ఫొటో గోడ మీద దండతో కనిపిస్తుంది.

నడుమ కొంతకాలం ఇంద్రజాలం కూడా నేర్చుకుని ప్రదర్శనలు ఇచ్చారు. అందుకోసం పెట్టుకున్న పేరు ప్రొఫెసర్ కేల్ఫా. ఫాల్కేను తిరగేసి చదవండి, గుట్టు తెలుస్తుంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపడం, కళ్ల ముందున్నదాన్ని మాయం చేయడం అప్పుడు అలవడ్డాయి. వాటికి తర్వాత కెమెరా తోడైంది.

1903లో పురావస్తు శాఖలో ఫొటోలు తీసే, నమూనాలు గీసే ఉద్యోగం దొరికింది. అది సర్కారు కొలువు, నెల జీతం. అంతకు కిందటేడు గిరిజను పెళ్లాడారు. పెళ్లయ్యాక ఆమె పేరు సరస్వతీబాయి. ఇంతలో 1905లో బెంగాల్ విభజన, దాని వెంట స్వదేశీ ఉద్యమం. ఫాల్కే ఉద్యోగం వదిలేసి, పుణె దారిలోని లోనావ్లా దగ్గర అచ్చుపనిలోకి దిగారు. అక్కడ ఆయన చేతికి వచ్చిన పని రవివర్మ చిత్రాలకు లిథో అచ్చులు వేయడం.

ఇక్కడ కొంచెం ఆగాలి. రాజా రవివర్మ తైలవర్ణ చిత్రం ఒకే ఒకటి ఉంటుంది. అది ఏ సంస్థానాధీశుడి గోడ మీదో వేలాడుతుంది, చూడగలిగేది ఆ మేడలోకి వెళ్లగలిగినవాళ్లే. లిథో పద్ధతిలో నున్నటి రాతిపలక మీద జిడ్డుసిరాతో బొమ్మ గీసి, ఒక్కో రంగుకు ఒక్కో రాయి చొప్పున వాడి, కాగితం మీద వేలకొద్దీ అద్దుతారు. రవివర్మ లక్ష్మి, సరస్వతి ఆ రాళ్ల మీదుగానే దేశంలో ఇల్లిల్లూ చేరారు. గుడి గడప దాటనివ్వని కులాల ఇళ్లలోకి కూడా అణాల ఖరీదుకు దేవుడు నడిచి వచ్చాడు. జనం ఆ కాగితాన్ని కొని ఊరుకోలేదు. బొమ్మ మీద చీర అంచుకు జరీ కుట్టారు, నగల మీద తళుకులు అంటించారు, గుడ్డముక్కలతో పావడా తొడిగారు. చిత్రకారుడు పూర్తి చేసిన బొమ్మను కొన్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టారన్నమాట. మన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ముఖం ఎలా ఉండాలో మన కళ్లకు అలవాటు చేసింది కూడా ఆ అచ్చుబొమ్మల సంప్రదాయమే.

ఫాల్కే సొంతంగా ముద్రణాలయం పెట్టారు. 1909లో రంగుల ముద్రణ యంత్రాల కోసం జర్మనీ వెళ్లొచ్చారు. పని బాగా సాగుతున్న సమయంలో భాగస్వాములతో మాట తేడా వచ్చింది. చేతులు దులుపుకుని బయటికి వచ్చేశారు. అప్పటికి వయసు 40. సంసారం ఉంది, సంపాదన లేదు.

1911 ప్రాంతంలో బొంబాయి గిర్‌గావ్‌లోని డేరా సినిమాలో క్రీస్తు జీవితం మీద తీసిన విదేశీ మూగచిత్రం చూశారు. తెర మీద క్రీస్తు నడుస్తుంటే ఆయన మనసులో కృష్ణుడు, రాముడు, గోకులం, అయోధ్య కదిలాయి. తాను రాళ్ల మీద అచ్చువేసిన దేవుళ్లు లేచి నడవొచ్చని ఆయనకు ఆ రోజు తట్టింది. మర్నాడు భార్యను తీసుకెళ్లి మళ్లీ చూశారు. ఆ తర్వాత దొరికిన సినిమా అల్లా చూడటం, ఇంటికొచ్చి చిన్న కెమెరాతో ప్రయోగాలు చేయడం. నిద్ర తగ్గి, కళ్లు అలిసి, కొన్నాళ్లు చూపే మందగించింది. వైద్యంతో తిరిగి వచ్చింది. కళ్లతో బతికే మనిషికి అది ఎంత గండమో ఊహించుకోవాల్సిందే.

భీమా పాలసీలు తాకట్టు పెట్టి 1912 ఆరంభంలో లండన్ వెళ్లారు. అక్కడ ఒక సినిమా పత్రిక సంపాదకుడిని పలకరించారు. ఆయన మొదట నిరుత్సాహపరిచినా, ఈ మనిషి పట్టుదల చూసి సెసిల్ హెప్‌వర్త్ అనే నిర్మాత స్టూడియోకు పంపారు. నాలుగు రోజులు చూసి నేర్చుకున్నదే ఫాల్కే సినిమా చదువు. విలియమ్సన్ కెమెరా కొని, ముడిఫిల్ముకు ఆర్డరు ఇచ్చి ఏప్రిల్‌కు తిరిగొచ్చేశారు.

అప్పు పుట్టాలంటే ఏదో ఒకటి చేసి చూపించాలి. కుండీలో బఠానీ గింజ నాటి, ఎదురుగా కెమెరా కదలకుండా బిగించి, నెల రోజుల పాటు కొంచెం కొంచెంగా ఫిల్ము తిప్పారు. తెర మీద వేస్తే గింజ పగిలి, మొలక లేచి, తీగ సాగడం నిమిషంలో జరిగిపోయింది. చూసినవాళ్లు నోరు తెరిచారు, డబ్బు కదిలింది. సైన్సు మాస్టార్లు ఇప్పుడు ఇదే ప్రయోగాన్ని సెల్‌ఫోన్‌తో చేయిస్తున్నారు. ఆ కుండీకి నూరేళ్లు దాటాయని పిల్లలకు చెప్పండి.

మిగిలిన సొమ్ము సరస్వతీబాయి నగల్లోంచి వచ్చింది. ఆమె ఇచ్చింది నగలే కాదు. అప్పట్లో ముడిఫిల్ముకు అంచున రంధ్రాలు ఉండేవి కావు. యంత్రం పళ్లు ఆ రంధ్రాల్లో పడితేనే ఫిల్ము సమంగా కదులుతుంది. చీకటి గదిలో కూర్చుని, కొలత తప్పకుండా ఆ రంధ్రాలు వేయడం ఆమె నేర్చుకున్నారు. ఫిల్మును రసాయనాల్లో కడిగారు. ఎండలో తెల్లదుప్పటి ఎత్తి పట్టుకుని నటుల ముఖాల మీదికి వెలుగు మళ్లించారు. పగలంతా ఇదయ్యాక 60, 70 మందికి వంట కూడా ఆమే. ఫాల్కే పేరుతో పురస్కారం ఉంది, సరస్వతీబాయి పేరు పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు. ఇది మాకు సబబుగా తోచదు.

మొదటి కథగా హరిశ్చంద్రుణ్ని ఎంచుకున్నారు. మాటలు వినపడని తెరకు అంతకంటే తగిన కథ లేదు. రాజు రాజ్యం ధారపోయడం, భార్యాబిడ్డలను అమ్మడం, కాటికాపరి కావడం దేశంలో ఏ భాషవాడికీ కొత్త కాదు. బొమ్మ కనిపిస్తే చాలు, మాట చూసేవాడి మనసులోనే ఉంది.

చంద్రమతి వేషానికి (మరాఠీవాళ్లకు ఆమె తారామతి) స్త్రీ దొరకలేదు. పత్రికల్లో ప్రకటన ఇచ్చినా, ఎందరిని బతిమాలినా ఎవరూ ముందుకు రాలేదు. నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లు కట్టే కాలం అది. చివరికి గ్రాంట్‌రోడ్డులో ఒక హోటల్లో వంట చేసే సాలుంకే అనే కుర్రవాడు కళ్లబడ్డాడు. సన్నని వేళ్లు, సుకుమారమైన నడక. హోటల్లో 10 రూపాయల జీతం, ఫాల్కే 15 ఇస్తానన్నారట. చెలికత్తెల వేషాలకు వచ్చిన మగవాళ్లు మాత్రం మీసం తీయమంటే మొరాయించారు. తండ్రి బతికుండగా మీసం తీయడం అశుభమని వాళ్ల నమ్మకం. వాళ్లకూ వాళ్ల తండ్రులకూ కూడా నచ్చజెప్పాల్సి వచ్చింది. రాజుగా దాబ్కే, లోహితాస్యుడిగా ఫాల్కే పెద్దకొడుకు భాల్‌చంద్ర వేశారు. పగటి వెలుతురులోనే చిత్రీకరణ. ఆరు నెలల పైచిలుకు పట్టింది. తయారైంది 3,700 అడుగుల ఫిల్ము, నాలుగు రీళ్లు.

(అంతకు ముందే 1912లో తోర్నే బృందం ‘పుండలీక్’ తీసిందని, మొదటి స్థానం దానిదేనని వాదించేవారున్నారు. అది ఆడుతున్న నాటకాన్ని కెమెరాతో పట్టిన చిత్రం, ఫిల్మును కడిగింది లండన్‌లో. పోటీ పరీక్షల్లో జవాబు మాత్రం హరిశ్చంద్రే రాయండి.)

1913 మే 3న గిర్‌గావ్ కారొనేషన్ సినిమాలో ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైంది. ఒక్క సినిమాకే టికెట్టు కొంటారన్న నమ్మకం హాలువాళ్లకు లేదు. కాబట్టి ముందు ఒక నాట్యం, కొంత హాస్యం, ఒక గారడీ పెట్టారు. సినిమాలు నాలుగు రోజులకు మించి ఆడని రోజుల్లో ఇది 23 రోజులు ఆడింది. ఇతర ఊళ్లలో అంత సులువు కాలేదు. సూరత్‌లో మొదటిరోజు వచ్చింది మూడు రూపాయలేనని చెబుతారు. రెండణాలిస్తే ఆరు గంటల నాటకం చూసే జనం, మూడణాలిచ్చి గంటన్నర బొమ్మ ఎందుకు చూస్తారు? ఫాల్కే ప్రకటన మార్చారు. మూడణాలకు 57,000 ఫొటోలు, రెండు మైళ్ల పొడుగు బొమ్మ అని వేయించారు. జనం వచ్చారు.

లెక్కల పిరియడ్‌లో ఇది చేయించి చూడండి. అడుగు ఫిల్ములో 16 బొమ్మలు. 3,700ని 16తో హెచ్చిస్తే 59,200. ఫొటోల మాట దాదాపు నిజమే. మైలుకు 5,280 అడుగులు కదా, రెండు మైళ్లంటే 10,560 అడుగులు కావాలి. ఆయన దగ్గరున్నది ముప్పావు మైలు కూడా కాదు. ప్రొఫెసర్ కేల్ఫా ఇంకా పూర్తిగా రిటైరు కాలేదు.

నాటకం చూసే పద్ధతికీ ఈ తెర చూసే పద్ధతికీ మధ్య జనం పడిన పాట్లు మాకు చాలా ఆసక్తిగా అనిపిస్తాయి. మన తెలుగు నాటకంలో హరిశ్చంద్రుడు కాటిసీను పద్యం ఎత్తితే హాలు దద్దరిల్లేలా వన్స్‌మోర్ అనేవారు. నటుడు ఆగి, తిరిగి పాడేవాడు. ఒక్కోసారి మూడుసార్లు. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్లీ పడుకునేదని పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పేవారు. నాటకం ఎంతసేపు ఆడాలో సగం తేల్చేది ప్రేక్షకుడు. సినిమా వచ్చాక ఆ అధికారం పోయింది. తెర మీది సాలుంకేకు వన్స్‌మోర్ వినపడదు.

పోయినదానికి బదులు ఇంకోటి దక్కింది. మూగచిత్రంలో నడుమ నడుమ అక్షరాల పలకలు వస్తాయి. హరిశ్చంద్రకు అవి హిందీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. హాల్లో కూర్చున్నవాళ్లలో చదవడం వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లు పైకి చదివేవారు, పక్కవాళ్లకు వాళ్ల భాషలో చెప్పేవారు. దక్షిణాదిన చాలా హాళ్లలో తెర పక్కన ఒక మనిషే నిలబడి కథ చెప్పేవాడు. అతను మాటకారి అయితే అదే బొమ్మ నవ్వు పుట్టించేది, కాకపోతే ఆవులింతలు. ఒకే రీలు మద్రాసులో తమిళంగా, బెజవాడలో తెలుగుగా, ధార్వాడలో కన్నడంగా నడిచేది. గిర్‌గావ్‌కు దగ్గర్లోనే కామాఠీపురా ఉంది. మేడలు కట్టే పనులకు వలస వచ్చిన మన తెలుగు కామాఠీల పేరు మీద వెలిసిన పేట అది. అలాంటి నగరంలో తెలుగు కూలీ, మరాఠీ గుమాస్తా, గుజరాతీ వ్యాపారి ఒకే బెంచీ వరుసలో ఒకే బొమ్మ చూడగలిగారు. ఆ బొమ్మకు భాష లేదు కాబట్టి.

ఆ ఏడే ఫాల్కే నాసిక్‌కు మకాం మార్చారు. ‘మోహినీ భస్మాసుర్’లో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించడంతో తెర మీదికి స్త్రీలు వచ్చారు. 1914లో చిత్రాలు పట్టుకుని మళ్లీ లండన్ వెళ్లి మెప్పు పొందారు. ఉండిపొమ్మన్నా ఉండలేదు. యుద్ధం మొదలై అప్పులిచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు, కొన్నేళ్లు కష్టంగా గడిచాయి.

1917లో ‘లంకాదహనం’ వచ్చింది. ఇందులో రాముడూ సాలుంకేనే, సీతా సాలుంకేనే. తోక కాలుతూ హనుమంతుడు ఎగిరి, లంక భగ్గుమంటుంటే జనం గుక్క తిప్పుకోలేదు. తెర మీద రాముడు కనిపించగానే చెప్పులు విడిచి నమస్కారం పెట్టినవాళ్లున్నారు. మద్రాసులో వసూలైన చిల్లర నాణేలను ఎద్దులబండి మీద పోలీసు కాపలాతో తరలించారని చెప్పుకునే కథ ఇప్పటికీ సినిమా చరిత్రల్లో కనిపిస్తుంది. కటౌట్‌కు పాలు పోసే అభిమానిని చూసి ఇదేదో ఈ కాలపు పిచ్చి అనుకుంటాం. దాని వేరు అక్కడుంది. అప్పట్లో దండం పెట్టింది సాలుంకేకు కాదు, రాముడికి. దండం రాముడి నుంచి నటుడి మీదికి ఎప్పుడు మళ్లిందో మన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు.

1919లో వచ్చిన ‘కాళీయమర్దనం’లో చిన్నికృష్ణుడు ఫాల్కే కూతురు మందాకిని. ఆ చిత్రం ఇప్పటికీ చాలావరకు మిగిలి ఉంది. మొదట్లోనే ఫాల్కే ఒక చిత్రమైన పని చేశారు. కథ మొదలవకముందే ఆ పాపను మామూలు పిల్లగా చూపి, కోపం, నవ్వు, భయం ఒక్కొక్కటే ముఖంలో పలికించి, ఆపైన చూస్తుండగానే కృష్ణుడిగా మార్చారు. అంటే గారడీ చేస్తూనే గారడీ ఎలా జరుగుతుందో చెప్పేశారు. సినిమా ఎలా తయారవుతుందో చూపే చిన్న చిత్రం కూడా తీశారు, అందులో ఫాల్కేనే కనిపిస్తారు. రహస్యం దాచుకోవాలని ఆయనకు అనిపించలేదు. ఈ గుణం మాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చింది.

విజయంతో పాటు భాగస్వాములు వచ్చారు. 1918లో బొంబాయి వ్యాపారులతో కలిసి హిందుస్థాన్ సినిమా ఫిల్మ్స్ కంపెనీ ఏర్పడింది. లెక్క అడిగేవాళ్లు, నటుల ఎంపికలో తలదూర్చేవాళ్లు, త్వరగా కానివ్వమనేవాళ్లు ఎక్కువయ్యారు. ముద్రణాలయంలో జరిగిందే ఇక్కడా జరిగింది. అలిగి కాశీ వెళ్లిపోయారు. అక్కడ ‘రంగభూమి’ అనే నాటకం రాశారు. సినిమాతో నాటకాన్ని వెనక్కి నెట్టిన మనిషి, మనసు విరిగినప్పుడు మళ్లీ నాటకాన్నే ఆశ్రయించడం విచిత్రం. అది ఆడలేదు. 1920ల్లో తిరిగొచ్చి అదే కంపెనీలో జీతానికి పనిచేశారు. చిత్రాలు వరసగా వచ్చాయి, పాత వెలుగు రాలేదు.

1931 మార్చి 14. బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ‘ఆలం ఆరా’ మాట్లాడింది, పాడింది. మెజెస్టిక్ ఉన్నదీ గిర్‌గావ్‌లోనే. ఫాల్కే తొలిసారి క్రీస్తును చూసిన పేట, హరిశ్చంద్రను చూపించిన పేట అదే.

అప్పుడు ఆయన ‘సేతుబంధన్’ తీస్తున్నారు. రాముడు సముద్రం మీద వారధి కట్టే కథ. డబ్బు చాలక ఆగుతూ సాగుతూ రెండేళ్లు పట్టింది. 1932లో పూర్తయి బయటికొచ్చేసరికి జనం చెవులకు రుచి తగిలింది. మాట్లాడని రాముణ్ని ఎవరు చూస్తారు? ‘ఆలం ఆరా’ తీసిన ఆర్దేషిర్ ఇరానీయే సలహా ఇవ్వగా, తీసేసిన మూగబొమ్మకు తర్వాత గొంతులు అతికించి 1934లో మళ్లీ విడుదల చేశారు. పెదవి ఒకటి, మాట ఒకటి. ఫలితం దక్కలేదు.

మాట రావడంతో పని తీరంతా మారిపోయింది. మూగచిత్రం ఎండలో, ఆరుబయట, పక్కన కుక్క మొరిగినా తీసుకోవచ్చు. దర్శకుడు కెమెరా పక్కన నిలబడి అలా చూడు, ఇలా తిరుగు అని కేకలు వేయొచ్చు. మాటల చిత్రానికి మూసిన గది, మైకు, శబ్దం పట్టే యంత్రం, అది తెలిసిన ఇంజినీరు కావాలి. ముఖం బాగున్నంత మాత్రాన చాలదు, గొంతు ఉండాలి, పాట రావాలి. పెట్టుబడి ఎన్నో రెట్లు పెరిగింది. ఇంటి ఇల్లాలు చీకటి గదిలో రంధ్రాలు వేసి సినిమా పుట్టించే కాలం అయిపోయింది.

ఇంకో మార్పు మన భాషల విషయంలో జరిగింది. 1931 అక్టోబరులో హెచ్.ఎం.రెడ్డి ‘కాళిదాస్’ వచ్చింది. అందులో తమిళం ఉంది, తెలుగు ఉంది. 1932లో ‘భక్త ప్రహ్లాద’ నిండా తెలుగే. ఏలూరు దగ్గరి పల్లెటూరి నుంచి బొంబాయి చేరిన ఎల్వీ ప్రసాద్ ‘ఆలం ఆరా’లో, ‘కాళిదాస్’లో, ‘భక్త ప్రహ్లాద’లో మూడింటా చిన్న వేషాలు వేశారు. మూడు భాషల తొలి మాటల చిత్రాలు అవి. భాష లేని బొమ్మ ముక్కలై భాషకొక సినిమా కావడాన్ని ఆయన దగ్గర నిలబడి చూశారు. 1982లో ఫాల్కే పేరిట పురస్కారం ఆయన చేతికి వెళ్లింది.

ఇందులో లాభం ఎవరికి, నష్టం ఎవరికి? తెర పక్కన కథ చెప్పేవాడి బతుకు పోయింది. పైకి చదివేవాడిని ఇప్పుడు మాట్లాడకుండా కూర్చోమన్నారు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న తెలుగు, మరాఠీ, గుజరాతీ ప్రేక్షకులు వేరువేరు హాళ్లకు వెళ్లారు. కానీ షోలాపూర్ మగ్గాల పేటలో, బళ్లారిలో, బరంపురంలో, హోసూరులో ఉన్న మనవాళ్లకు తెలుగు సినిమా ఏమిచ్చిందో మేము బడిలో రోజూ చూస్తున్నాం. అచ్చులు, హల్లులు మేము నేర్పుతాం. సామెత, ఎగతాళి, పద్యం ఎత్తే తీరు, వదినామరదళ్ల వేళాకోళం, ఇవి చాలామంది పిల్లలకు సినిమా నుంచే అందాయి. చుట్టూ వేరే భాష ఉన్నచోట తెలుగు వినపడే పెద్ద గొంతు అదొక్కటే. ఫాల్కేను పక్కకు నెట్టిన యంత్రమే మనకు ఆ గొంతునిచ్చింది. మేము దీన్ని ఒక పక్షాన తేల్చి చెప్పలేం, చెప్పాలని కూడా లేదు.

కొల్హాపూర్ సినీటోన్ వారు పిలిచి ‘గంగావతరణ్’ తీయమన్నారు. 1937లో అది విడుదలయ్యేనాటికి ఆయనకు 67. మరాఠీలోనూ హిందీలోనూ మాట్లాడిన ఆ ఒక్క చిత్రంలో శివుడి జటలోంచి గంగ దూకడం లాంటి మాయలు మళ్లీ చేసి చూపారు. అదే చివరిది. ఆ తర్వాత నాసిక్‌లో ఇంటి పట్టునే ఉండిపోయారు. 1939లో భారతీయ సినిమా రజతోత్సవం జరిపి, పరిశ్రమవాళ్లు కొంత సొమ్ము పోగుచేసి ఆయనకు అందించారు. మళ్లీ సినిమా తీయాలన్న కోరిక ఉన్నా, యుద్ధకాలంలో ముడిఫిల్ముకు సర్కారు అనుమతి కావాలి, అది రాలేదు. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూశారు. 19 ఏళ్లలో 95 చిత్రాలు, 27 లఘుచిత్రాలు తీశారని లెక్క. పురస్కారం మొదలుపెట్టింది ఆయన పోయిన పాతికేళ్లకు, 1969లో.

చిత్రాల్లో చాలావరకు నాశనమయ్యాయి. ఆనాటి ఫిల్ము నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే పదార్థం, వయసు మీరితే పొడిగా రాలిపోతుంది. కొందరు అందులోని వెండి కోసం కరిగించేసేవారు. ‘రాజా హరిశ్చంద్ర’లో మొదటి రీలు, చివరి రీలు పుణె ఫిల్ము ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. అవి 1913 నాటివి కావని, ఫాల్కేనే 1917లో మళ్లీ తీసిన ప్రతివని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

ఆ రీళ్లు ఇప్పుడు ఫోన్లోనే చూడొచ్చు. మా ఏడో తరగతి పిల్లలకు చూపించాం. రాజు కొడుక్కి విలువిద్య నేర్పే తొలి దృశ్యం, అచ్చం రవివర్మ బొమ్మ లేచి కదిలినట్టే ఉంటుంది. శబ్దం రాకపోయేసరికి ఒకడు ఫోన్ సౌండు పెంచబోయాడు. హిందీ పలక రాగానే వెనక బెంచీ అమ్మాయి పైకి చదివి, కింది తరగతి నుంచి వచ్చి కూర్చున్న తమ్ముడికి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. తర్వాతి పలకకు ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. నాలుగో పలకకు వచ్చేసరికి చంద్రమతికి ఎవరు మాట్లాడాలో, విశ్వామిత్రుడికి ఎవరు మాట్లాడాలో వాళ్లలో వాళ్లే పంచుకున్నారు. ఆగమని మేము చెప్పలేదు.